ముప్ఫయ్యేడున్నర డాలర్ల పిస్తోలు

పిస్తోలు అనే మాట వినగానే మనకు పోలీసు ఇనస్పెక్టరో, సినిమాలో విలనో కళ్ళముందు కనపడతాడు. ఆదివారం పూట పిస్తోలు పుచ్చుకువెళ్ళి, ఓ గంటసేపు కాయితపు బొమ్మల మీద కాల్చుకుని, ఇంటికొచ్చి భోంచేసి పడుకునే మనుషులు లక్షలమంది వున్నారంటే నమ్మకం కలగదు. కాని వున్నారు. వాళ్ళలో ఎక్కువమంది అమెరికాలో వున్నారు. మనవాళ్ళు పేకాడినట్టు, గాలిపటాలు ఎగరేసినట్టు వాళ్ళకదొక కాలక్షేపం. అది మంచి కాలక్షేపమా కాదా అనే తగువులోకి నేను దిగబోవటం లేదు. ఆ దేశంలో ఆ తగువు ప్రాణాలతో ముడిపడి వున్నది. దానికి వేరే వ్యాసం కావాలి. నన్ను పట్టుకున్న ప్రశ్న చిన్నది. అంగళ్ళలో వందలకొద్దీ రకాలు వుండగా, ఏవో కొన్ని పిస్తోళ్ళే ఈ కాలక్షేపరాయుళ్ళ చేతుల్లో తరతరాలు ఎందుకు నిలిచిపోతాయి? తక్కినవి అటకెందుకు ఎక్కుతాయి?

బలమా? కాదు. అందమా? కొంతవరకే. సమాధానం కోసం చాలా దూరం పోనక్కర్లేదు, ఒక్క పిస్తోలు కథ చెప్పుకుంటే చాలు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజులు. కనెక్టికట్ రాష్ట్రంలో విలియం రూగర్ అని ఒక యువకుడు వుండేవాడు. యుద్ధకాలంలో మరతుపాకుల నమూనాల మీద పనిచేసినవాడు. యుద్ధం అయిపోయాక వడ్రంగి పనిముట్లు తయారుచేసే చిన్న కార్ఖానా పెట్టి, చేతులు కాల్చుకున్నాడు. 1945లో పసిఫిక్ యుద్ధం నుంచి తిరిగివచ్చిన ఒక సైనికుడి దగ్గర జపానువాళ్ళ నాంబు పిస్తోలు అతని చేతికి వచ్చింది. దాన్ని విప్పి, చూసి, తన షెడ్డులో అలాంటివే రెండు చేశాడు. వాటిని అమ్మలేదు గాని, వాటిల్లోంచి ఒక ఊహ పుట్టింది.

ఊహ వుంటే సరా, డబ్బు కావద్దూ? ఆ డబ్బు పెట్టినవాడు అలెగ్జాండర్ స్టర్మ్. ఈయన సంగతి వింటే నవలలో పాత్రలా వుంటాడు. యేల్ విశ్వవిద్యాలయంలో చదివాడు, బొమ్మలు వేస్తాడు, పుస్తకాలు రాస్తాడు, పాత రాజవంశాల బిరుదు చిహ్నాలంటే ప్రాణం. ఆయన భార్య పాలీనా, అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కూతురి కూతురు. ఈయన 50,000 డాలర్లు తెచ్చిపెట్టాడు. 1949లో సౌత్‌పోర్టు అనే వూళ్ళో ఇద్దరూ కలిసి కంపెనీ తెరిచారు. కంపెనీ గుర్తుగా స్టర్మ్ స్వయంగా ఒక ఎర్ర గద్ద బొమ్మ గీశాడు. ఆ బొమ్మ బిళ్ళను ప్రతి పిస్తోలు పిడికీ తాపడం చేశారు.

వాళ్ళు అమ్మిన మొదటి సరుకు ఒకే ఒక పిస్తోలు. ధర ముప్ఫయ్యేడున్నర డాలర్లు.

అప్పటికి బజారులో పిస్తోళ్ళు లేవా అంటే, బ్రహ్మాండమైనవి వున్నాయి. కోల్ట్ కంపెనీవారి వుడ్స్‌మన్ 1915 నుంచీ వుంది. అది జాన్ బ్రౌనింగ్ అంతటి మేధావి నమూనా. అయితే దాన్ని ఇనుపదిమ్మెలోంచి చెక్కి, ఆకురాయి పట్టి, మెరుగుపెట్టాలి. పనివాళ్ళ కూలి పెరిగినకొద్దీ దాని ధరా పెరిగింది. రూగర్ ఏం చేశాడో చూడండి: పిడి భాగాన్ని ఉక్కురేకుతో రెండు చెక్కలుగా అచ్చొత్తించి, మన ఆడవాళ్ళు కజ్జికాయ అంచులు కలిపి నొక్కినట్టు, రెంటినీ కలిపి వెల్డింగు చేయించాడు. పైభాగం గుండ్రటి గొట్టం; దాని లోపల గుండ్రటి కడ్డీలాంటి ముక్క ముందుకీ వెనక్కీ ఆడుతుంది. ఇది నాంబు నేర్పిన పాఠం. ఇందువల్ల మరో లాభం వచ్చింది. చాలా పిస్తోళ్ళలో పేలినప్పుడల్లా పైభాగమంతా వెనక్కి జారుతుంది, గురి చూసుకునే గుర్తు కూడా దానితోనే పోయివస్తుంది. ఇందులో ముందుగుర్తూ, వెనకగుర్తూ రెండూ కదలకుండా ఒకే గొట్టాన్ని అంటిపెట్టుకుని వుంటాయి. చవగ్గా చెయ్యాలని మొదలుపెడితే గురి కూడా కుదిరిందన్నమాట.

ఇక రూపం. పిడి ఏటవాలుగా, గొట్టం సన్నగా, చూడగానే జర్మనువాళ్ళ లూగర్ పిస్తోలు గుర్తుకొస్తుంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు లూగర్లను జ్ఞాపికలుగా తెచ్చి వీధిలో అందరికీ చూపించిన రోజులవి. లూగర్ దొరకనివాడికి రూగర్ దొరికింది! పేరులో ఆ ప్రాస దేవుడిచ్చిందే గాని వీళ్ళు పెట్టుకున్నది కాదు.

ఇన్ని చెప్పినా అసలు రహస్యం పిస్తోలులో కాదు, అందులో వేసే గుండులో వుందని నా అభిప్రాయం. పాయింట్ ఇరవైరెండు గుండు అంటారు దాన్ని. అంగుళంలో వందకు ఇరవైరెండు పాళ్ళ లావు, అంటే మన లెక్కలో ఐదున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. సీసం బరువు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. దీని ప్రస్తుత రూపం 1887 నాటిది. మందు అంటుకునే మసాలా దీనికి అడుగు అంచులోనే వుంటుంది, సుత్తి అంచు మీద కొడితే పేలుతుంది. తయారీ సులువు, ధర తక్కువ. పెద్ద పిస్తోలుకి ఒక పెట్టె గుళ్ళు కొనే డబ్బుతో దీనికి ఎన్నో పెట్టెలు కొనవచ్చు. కాలక్షేపానికి కాల్చేవాడు తుపాకీ ఒక్కసారే కొంటాడు, గుళ్ళు జీవితాంతం కొంటాడు. ఈ లెక్క గ్రహించిన కంపెనీ బతుకుతుంది. 2012 డిసెంబరులో ఒక బడిలో జరిగిన ఘోరమైన కాల్పుల తరువాత, కొత్త చట్టాలు వస్తాయనే భయంతో జనం గుళ్ళ మీద పడ్డారు. 2013లో ఈ ఇరవైరెండు గుళ్ళే చాలా అంగళ్ళలో దొరక్కుండా పోయాయి. దొరికినచోట మనిషికి ఇన్నేనని రేషను పెట్టారు. జనానికి నిజంగా ఏది కావాలో అప్పుడు బయటపడింది.

ధర ఒక ఎత్తు, చేతికి తగిలే దెబ్బ మరో ఎత్తు. టెక్సస్‌లో మా మేనల్లుడి దగ్గర కొన్నాళ్ళున్నప్పుడు, వాళ్ళ పక్కింటి పెద్దాయన మమ్మల్ని షూటింగ్ రేంజికి తీసుకువెళ్ళాడు. బడి బస్సు నడిపి రిటైరయిన మనిషి. ఆయన పాత రూగర్ పిడి మీద రంగు అరిగిపోయి వెండిలా మెరుస్తోంది. చెవులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టించి నా చేతికిచ్చాడు.

"మావయ్యా, మోచేతులు మరీ బిగబెట్టకండి. మీట లాగవద్దు, మెల్లిగా నొక్కండి" అన్నాడు మా వాడు.

నొక్కాను. టప్‌మని చిన్న చప్పుడు. చెయ్యి కదిలీ కదలనట్టు కదిలింది. పదిహేను గజాల అవతల కాయితానికి ఎక్కడో చిల్లు పడింది. తొమ్మిది గుళ్ళూ అయిపోయేసరికి చిల్లులు ఒకదాని దగ్గరికొకటి జరిగాయి. "ఇంకోసారి వేసుకుంటారా?" అంటే వద్దనటానికి నోరు రాలేదు.

ఆ తరువాత పెద్దాయన చిరునవ్వు నవ్వుతూ మరో పెట్టె తెరిచాడు. అందులో పాయింట్ నలభైనాలుగు మాగ్నం రివాల్వరు. దాని గుండు బరువు పదిహేను గ్రాములు. ఒకటి పేలిస్తే అరచెయ్యి నుంచి భుజందాకా ఝల్లుమంది. రెండోది పేల్చబోయేముందే నా కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. దెబ్బ తగలబోతోందని చెయ్యి ముందే వులిక్కిపడుతుందట. కొత్తవాళ్ళని పాడుచేసేది అదేనట. మూడోది పేల్చమని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

ఈ నలభైనాలుగుకీ ఒక చరిత్ర వుంది. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ దీన్ని 1955 చివర్లో మొదలుపెట్టింది. మొదట్లో వేటగాళ్ళు తప్ప అడిగినవారు తక్కువ. 1971లో క్లింట్ ఈస్ట్‌వుడ్ 'డర్టీ హ్యారీ' సినిమాలో దాన్ని పట్టుకున్నాడు. అంతే, అంగళ్ళలో సరుకు ఖాళీ. అచ్చు వేసిన ధరకు మించి ఇచ్చి కొన్నారు. కొన్నవాళ్ళలో చాలామంది ఆరు గుళ్ళు పేల్చి, దాన్ని మళ్ళీ అమ్మకానికి పెట్టారని, పెట్టెలో మిగతా గుళ్ళు కూడా ఇచ్చేశారని తుపాకుల వాళ్ళలో ఒక పాత హాస్యం. సినిమా కొనిపించగలదు గాని కాల్పించలేదు. పెళ్ళిలో కొన్న వెండిపళ్ళెం బీరువాలో వుంటుంది, రోజూ అన్నం తినేది స్టీలు కంచంలో.

మన దేశంలో సంగతి వేరు. మనకు 1959 నాటి ఆయుధాల చట్టం వుంది; లైసెన్సు లేనిదే పిస్తోలు ముట్టుకోకూడదు. విదేశీ పిస్తోళ్ళ దిగుమతి మామూలు పౌరులకు ఏనాడో ఆగిపోయింది, పేరున్న క్రీడాకారులకే మినహాయింపు. అంచేత ఇక్కడ ఏ పిస్తోలు జనప్రియమో బజారు కాదు, చట్టం నిర్ణయిస్తుంది. తేలికపాటి గాలిపిస్తోలే మనకు మొదటి మెట్టయింది. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ళ వయసుకే గాలిపిస్తోలులో పెద్దల జాతీయ ఛాంపియన్ అయింది. హాంగ్‌ఝౌలో 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. పిడి చేతికి అతికినట్టుండాలి, మీట వెంట్రుకవాసి తేడా లేకుండా నొక్కుకోవాలి. అక్కడ కావలసింది అదే, బలం కాదు.

మళ్ళీ మన రూగర్ దగ్గరికి వద్దాం. పిస్తోలు వుడుకు జిలేబీలా అమ్ముడుపోతూ వుండగా, 1951లో స్టర్మ్ కామెర్ల జబ్బుతో చనిపోయాడు. అప్పటికాయనకు ముప్ఫయ్యేళ్ళు కూడా నిండలేదు. రూగర్ స్నేహితుడి సంతాపానికి గుర్తుగా పిడి మీది ఎర్ర గద్దను నల్లగద్దగా మార్పించాడు. ఈనాడు పోగుచేసుకునేవాళ్ళు ఎర్ర గద్ద వున్నదాన్ని వెతికి వెతికి కొంటారు.

ఆ కాలంలోనే ఇంటింటికీ టెలివిజన్ వచ్చింది. దాని నిండా గుర్రాలు, కౌబాయ్‌లు! (మన కృష్ణగారు 'మోసగాళ్ళకు మోసగాడు'లో ఆ టోపీ పెట్టటానికి ఇంకా రెండు దశాబ్దాలు వుంది.) కౌబాయ్ రివాల్వరుకి మూలం కోల్ట్‌వారి 1873 నమూనా. గిరాకీ చచ్చిందని కోల్ట్ కంపెనీ యుద్ధానికి ముందే దాన్ని ఆపేసింది. ఇటు పిల్లలూ పెద్దలూ దానికోసం మొహం వాచి వున్నారు. 1953లో రూగర్ అచ్చం అలాంటి రూపంతో, చవక ఇరవైరెండు గుండుతో 'సింగిల్ సిక్స్' తెచ్చాడు; 1955లో పెద్ద గుండుతో 'బ్లాక్‌హాక్' తెచ్చాడు. కళ్ళు తెరిచిన కోల్ట్ 1956లో తన పాత రివాల్వరును మళ్ళీ మొదలుపెట్టవలసివచ్చింది. సినిమాల్లోలాగా ఒరలోంచి చటుక్కున లాగి పేల్చే సరదా ఒకటి అప్పుడే దేశమంతా పాకింది. ఆ సరదాలో తమ కాళ్ళలోనే గుళ్ళు పేల్చుకున్నవాళ్ళు వున్నారు.

అయితే రూపంతోబాటు ఆ పాత నమూనాలోని లోపం కూడా వచ్చింది. సుత్తి కిందికి దిగి వున్నప్పుడు దాని మొన సరిగ్గా గుండును ఆనుకుని వుంటుంది. రివాల్వరు జారి సుత్తి రాయికో నేలకో తగిలిందా, పేలుతుంది. పాతకాలపు కౌబాయ్‌లకు ఇది తెలుసు. ఆరు అరల్లో ఐదింటిలోనే గుళ్ళు వేసి, ఖాళీ అర మీద సుత్తిని ఆనించేవారు. టెలివిజన్ చూసి కొన్నవాళ్ళకి ఈ వాడుక ఎవరు చెపుతారు? చాలామంది ఆరూ నింపారు. కొందరు చచ్చిపోయారు, మరికొందరు కుంటివాళ్ళయ్యారు. చేతిలోంచి జారి పేలిన రివాల్వరు వల్ల గాయపడ్డ ఒక మనిషి అలాస్కాలో దావా వేస్తే, జ్యూరీ శిక్షాపరిహారంగా 28 లక్షల డాలర్లకు పైగా ఇమ్మంది. అది మితిమీరిన మొత్తమని రాష్ట్ర సుప్రీంకోర్టు 1979లో తేల్చింది గాని, తప్పు కంపెనీది కాదని అనలేదు.

1973లో రూగర్ కొత్త నమూనా తెచ్చాడు. సుత్తికీ గుండుకీ నడుమ ఒక చిన్న ఉక్కుపలక. మీట నొక్కినప్పుడే అది పైకి లేచి దెబ్బను అందిస్తుంది, లేకపోతే సుత్తి ఎంత కొట్టినా గుండుకు తగలదు. ఇక అప్పటికే జనంలో వున్న పాతవాటి మాటేమిటి? పంపితే ఉచితంగా మార్చి ఇస్తామని 1982లో కంపెనీ ప్రకటించింది. మార్చాక, తీసేసిన పాత ముక్కలను కూడా ఒక సంచీలో వేసి రివాల్వరుతోబాటు తిరిగి పంపుతారు. ఎందుకంటే పోగుచేసుకునేవాళ్ళ బజారులో, పాత ముక్కలు పాతచోటనే వున్న రివాల్వరుకే ధర ఎక్కువ. అందుకని మార్పించుకోనివాళ్ళు ఇప్పటికీ ఎందరో వున్నారు.