జీతం చిన్నది... చేరాలా, ఆగాలా?

డిగ్రీ ఫలితాలు వచ్చి రెండు మూడు నెలలు గడిచేసరికి మన ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. బి.కాం. పాసైన అబ్బాయికి పట్నంలో ఒక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నరకు వెళితే రాత్రి ఏడింటిదాకా పని. జీతం నెలకు 12,000. "మూడేళ్ళు కాలేజీకి పంపింది ఇందుకేనా?" అంటారు అబ్బా. "మన గల్లీలో రంగులేసే కుర్రాడు ఇంతకంటే ఎక్కువే తెస్తున్నాడు" అంటాడు మామూ. రాయచోటి, కడప వైపు ఇళ్ళలోనైతే కువైట్‌లో డ్రైవరుగా ఉన్న బంధువు మాట తప్పకుండా వస్తుంది. అమ్మీ మాత్రం ఏమీ మాట్లాడదు. నెలాఖరున పాలవాడికి, కరెంటు బిల్లుకు డబ్బు ఎక్కడినుంచి తేవాలన్న లెక్క ఆమె దగ్గరే ఉంది.

అబ్బాది దురాశ అనలేం. మామూ చెప్పిందీ అబద్ధం కాదు. కాకపోతే ఇద్దరూ రోజు కూలితోనో, అంగడి గల్లాపెట్టెతోనో నెల జీతాన్ని పోలుస్తున్నారు. ముస్లిం కార్మికుల్లో సొంత పనులు చేసుకునేవారి వాటా ఎక్కువగానూ, నెలజీతపు ఉద్యోగుల వాటా తక్కువగానూ ఉందని 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక చెప్పింది. మెకానిక్ షెడ్డు, కుట్టుమిషను, పండ్లబండి, మటన్ దుకాణం తెలిసిన ఇళ్ళు మనవి. 2007 చట్టంతో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చాక, ఫీజు రీయింబర్స్‌మెంటు తోడయ్యాక, ఎన్నో ఇళ్ళలో మొదటి గ్రాడ్యుయేట్ తయారయ్యాడు. ఆ కాగితం మీది జీతాన్ని ఎలా చదవాలో చెప్పే పెద్దదిక్కు మాత్రం ఇంట్లో లేదు.

చదువుకు తగని పని చేయడం పరువు తక్కువ అనుకునేవారు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఫిరౌను రాజభవనంలో పెరిగిన మనిషి ఆయన. ప్రాణభయంతో మద్‌యన్ చేరేనాటికి చేతిలో ఏమీ లేదు. బావి దగ్గర ఇద్దరు అమ్మాయిల పశువులకు నీళ్ళు తోడిపెట్టి, నీడకు వెళ్ళి, తన ప్రభువు ఏ మేలు పంపినా తనకు అది అవసరమేనని వేడుకున్నారు. ఆ అమ్మాయిల్లో ఒకరు తండ్రితో, ఈయన్ని పనికి పెట్టుకోండి, బలవంతుడు, నమ్మకస్తుడు అని చెప్పింది. అప్పుడు ఆ పెద్దమనిషి పెట్టిన షరతు దివ్య ఖుర్‌ఆన్‌లోని ఖసస్ సూరాలో ఉంది. ఎనిమిదేళ్ళు పని చేయాలి, పదేళ్ళు పూర్తి చేస్తే అది నీ ఇష్టం, నిన్ను కష్టపెట్టాలని నాకు లేదు అన్నాడాయన. ఆ పెద్దమనిషి కుమార్తెతో నికాహ్ కూడా ఈ ఒప్పందంలో భాగమే. రెండింటిలో ఎక్కువ గడువునే మూసా (అలైహిస్సలాం) పూర్తి చేశారని ఇబ్ను అబ్బాస్ (రజి) చెప్పినట్లు బుఖారీలో ఉంది.

మనవాళ్ళు ఈ వృత్తాంతాన్ని ఓర్పుకు ఉదాహరణగా చెప్పి ఊరుకుంటారు. మాకు అందులోని ఒప్పందం ముఖ్యంగా కనిపిస్తుంది. పని తెలుసు, ప్రతిఫలం తెలుసు, గడువు తెలుసు. గడువు ముగిశాక ఆయన కుటుంబాన్ని వెంటబెట్టుకుని బయలుదేరారు. ఆ దారిలోనే తూరు కొండ దగ్గర అగ్ని కనిపించింది. గొర్రెల కాపలా ఆయన జీవితంలో ఒక మజిలీ. మన అబ్బాయి 12,000 కొలువును కూడా ఇలాగే గడువు పెట్టుకుని చూడాలన్నది మా అభిప్రాయం. "చేరాలా, వద్దా" అని తర్కించే ఇంట్లో "ఎన్నాళ్ళు, దేనికోసం" అని అడిగేవారు తక్కువ.

అబూదావూద్ హదీసు సంకలనంలోని ఒక సంఘటన కూడా ఇక్కడ చెప్పుకోదగ్గది. ఒక అన్సారీ మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) దగ్గరికి వచ్చి చేయి చాచాడు. ఇంట్లో ఏముందని అడిగితే ఒక గుడ్డ, నీళ్ళు తాగే ఒక గిన్నె ఉన్నాయన్నాడు. ఆయన వాటిని తెప్పించి వేలం వేశారు. ఒకరు ఒక దిర్హం అన్నారు, మరొకరు రెండు దిర్హంలకు తీసుకున్నారు. ఒక దిర్హంతో ఇంటికి తిండిగింజలు కొనమన్నారు, రెండో దిర్హంతో గొడ్డలి తెమ్మన్నారు. తన చేతులతో దానికి పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజులు నాకు కనిపించకు అని పంపారు. ఆ మనిషి పది దిర్హంలు సంపాదించుకుని తిరిగివచ్చాడు. ఉన్నదాంట్లో సగం ఇంటి ఆకలికి, సగం పనిముట్టుకు కేటాయించడం చూడండి. తొలి ఉద్యోగాన్ని కూడా ఈ రెండింటితోనే కొలవాలి. ఇంటికి ఎంత వస్తుంది? చేతికి ఏ పనిముట్టు దొరుకుతుంది?

ముందు ఇంటి లెక్క చూద్దాం. 12,000 అన్నంత మాత్రాన 12,000 చేతికి రాదు. మొత్తం జీతం మీద ప్రావిడెంట్ ఫండ్ పట్టేచోట 12 శాతం చొప్పున 1,440 రూపాయలు, ఈఎస్ఐ కింద 0.75 శాతం చొప్పున 90 రూపాయలు పోతాయి. చేతికి వచ్చేది 10,470. దీన్ని చూసి చాలామంది గుండెలు బాదుకుంటారు గాని, ఆ కోత ఉండటమే మంచి గుర్తు. పీఎఫ్‌లో యజమాని కూడా తన వాటా కట్టాలి. ఈఎస్ఐలో అతని వాటా 3.25 శాతం, అంటే 390 రూపాయలు. దానితో ఉద్యోగికే కాదు, అతనిపై ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుంది. అమ్మీకి షుగరు, అబ్బాకు బీపీ ఉన్న ఇంట్లో ఆ 90 రూపాయల విలువ వేరే చెప్పనక్కరలేదు. అందుకే పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా అని చేరకముందే అడగాలి. చెప్పిన అంకె యజమాని వాటాను కూడా కలుపుకున్నదా అన్నది మరీ మరీ అడగాలి. "సీటీసీ" అనే మాట వెనుక ఈ మెలిక ఉంటుంది. అలాంటప్పుడు చేతికి ఇంకా తగ్గి వస్తుంది.

తర్వాత ఊరి సంగతి. సొంత ఊళ్ళో 12,000, హైదరాబాదులో 16,000 అనుకుందాం. హాస్టలుకు, భోజనానికి 7,000, బస్సులకు, ఫోనుకు, పండుగకు ఇంటికి రాకపోకలకు 2,500 పోతే మిగిలేది 6,500. ఊళ్ళో ఉద్యోగమే నయమని ఈ లెక్క చెబుతుంది. అయినా హైదరాబాదు పనిలో నేర్చుకునేది ఎక్కువైతే అప్పుడు లెక్క మారుతుంది.

అదే పనిముట్టు లెక్క. ఆడిటర్ ఆఫీసులో చేరిన కుర్రాడు ఏడాది తిరిగేసరికి ట్యాలీలో ఖాతాలు రాయడం, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం, బ్యాంకు లెక్కలు సరిచూడటం నేర్చుకుంటే అతని గొడ్డలికి పిడి పడినట్లే. రెండో ఏట ఆ పని ఎక్కడైనా చేయగలడు, నాలుగు దుకాణాల లెక్కలు సొంతంగానూ చూసుకోగలడు. పగలంతా బిల్లులు నకలు తీస్తూ, టీలు తెస్తూ ఏడాది గడిచిందంటే అక్కడ అతను నేర్చినది లేదు. చేరకముందు ఈ సంగతి యజమానిని అడిగితే లాభం లేదు. ఆ ఆఫీసులో రెండేళ్ళ కిందట చేరినవాడు ఇప్పుడు ఏం పని చేస్తున్నాడో కనుక్కోవాలి. జోహర్ నమాజుకు, జుమాకు వెళ్ళే వీలుందా అన్నది కూడా మొదటిరోజే అడిగేయాలి. చేరిన మూడో వారంలో మొహమాటపడుతూ అడిగితే ఇద్దరికీ ఇబ్బందే. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే మాత్రం ఇవ్వకూడదు. చూపించి, నకళ్ళు ఇచ్చి రావాలి.

ఆగుదాం అనుకునేవారి సంగతీ చెప్పుకోవాలి. గ్రూప్స్‌కో, డీఎస్సీకో, బ్యాంకు పరీక్షలకో చదువుతున్నవాడు చిన్న కొలువు వద్దంటే తప్పుపట్టలేం. కాని ఆ ఆగడానికీ గడువు ఉండాలి. ఫలానా పరీక్ష దాకా అని ఇంట్లో చెప్పాలి. పుస్తకం ముందు రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటున్నాడో అమ్మీకి తెలియకుండా పోదు. అతను ఆగిన ప్రతి నెలా ఎవరో ఒకరు మోస్తున్నారు. అబ్బా ఆటోలో రెండు ట్రిప్పులు ఎక్కువ తిప్పుతున్నారు, అక్క చీరలకు ఫాల్స్ కుడుతోంది. మోసేవారు మనస్ఫూర్తిగా సరేనంటే ఆగవచ్చు. ఇల్లు అప్పులో ఉండి, తమ్ముడు చదువు మానేసే పరిస్థితి వస్తే ఆ 10,470 చిన్న మొత్తం కాదు. సంబంధాలవారు "అబ్బాయి ఏం చేస్తున్నాడు" అంటే చిన్న జీతం చెప్పుకోలేక ఉద్యోగం వదులుకునే ఇళ్ళు కూడా ఉన్నాయి. దాన్ని ఆగడం అనడానికి మాకు మనసొప్పదు.

బి.కాం. చదివినవారికి మరో చిక్కు. ఆడిటర్ ఆఫీసు 12,000 ఇస్తానంటే వడ్డీకి అప్పులిచ్చే ఫైనాన్స్ సంస్థ 18,000 ఇస్తానంటుంది. ఇంటి అవసరం రెండో వైపు లాగుతుంది. వడ్డీ తినేవారిని, ఇచ్చేవారిని, సాక్షులను మాత్రమే కాదు, ఆ లెక్క రాసేవారిని కూడా మహాప్రవక్త (స) శపించారని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. లెక్కలు రాయడమే చదువుకున్నవాడికి ఇది సూటిగా తగిలే మాట. బ్యాంకులోని అన్ని పనులూ ఒకే కోవలోకి వస్తాయా అన్నదానిపై ఉలమాల మధ్య చర్చ ఉంది. అలాంటి సందేహం ఉన్నవారు తమ పని వివరం చెప్పి నమ్మకమైన ఆలిమ్‌ను అడగాలి. అప్పు వసూళ్ళకు ఊళ్ళు తిరిగే పనికి మాత్రం చర్చ అక్కరలేదు. ఆ 6,000 తేడాను జీతంగా లెక్కపెట్టకండి.

ఆడపిల్లల విషయంలో మరో తీరు. మొహల్లాలోని ప్రైవేటు స్కూల్లో టీచరుగా పిలుస్తారు. ఇచ్చేది అబ్బాయికి ఇచ్చేదానికంటే తక్కువ. "ఇంతమాత్రానికి ఎండలో తిరగడం ఎందుకు" అని ఇంట్లో తీర్మానిస్తారు. ఆమెను అడిగేవారుండరు. పురుషులు సంపాదించినది పురుషులకు, స్త్రీలు సంపాదించినది స్త్రీలకు అన్న భావం నిసా సూరాలో స్పష్టంగా ఉంది. ఆ జీతం ఆమెది. బి.ఇడి. ఫీజుకు దాచుకుంటుందో, ఇంట్లో ఇస్తుందో ఆమె ఇష్టం.

ఇంతవరకు చెప్పింది చూసి, చిన్న జీతం ఇచ్చే మన యజమానులు సంతోషించకూడదు. మూసా (అలైహిస్సలాం) కథ పనివాడికి ఓర్పు నేర్పడానికి మాత్రమే రాలేదు. ఆ కథలోని యజమాని షరతులు ముందే విప్పి చెప్పాడు. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీసు ఇబ్ను మాజాలో ఉంది. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీలో ఉంది. "మనవాడే కదా, మన పిల్లవాడే కదా" అంటూ జీతం ఎంతో చెప్పకుండా పనిలో పెట్టుకుని, రంజాన్‌కు ఒక జత బట్టలు ఇచ్చి సరిపెట్టే షాపులు మన బజార్లలో లేవా? బంధువుల షాపులో చేరే కుర్రాడు కూడా జీతం ఎంత, ఏ తేదీన, పెంపు ఎప్పుడు అని అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

చివరగా ఇస్తిఖారా. కల వస్తేనే జవాబు వచ్చినట్లు అని మన ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది. జాబిర్ (రజి) ఉల్లేఖనంలో కల ప్రస్తావన లేదు. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి దుఆ చేయమన్నారు. ఆ దుఆలో ఈ పని నా ధర్మానికి, నా జీవనానికి, దాని పర్యవసానానికి మేలైతే దాన్ని నాకు సులభం చేయి, కీడైతే నన్ను దాని నుంచి మళ్ళించు అనే వేడికోలు ఉంది. వివరాలు కనుక్కోవడం, తెలిసినవారితో మష్వరా చేయడం దానికి ముందే చేసుకోవచ్చు. ఆఫీసువారు వెంటనే జవాబు చెప్పమంటే రెండు రోజుల గడువు అడగండి. ఆ రెండు రోజుల్లో నోటిమాటగా చెప్పిన జీతం, పనిగంటలు, సెలవులు కాగితం మీద రాసివ్వమనండి. ఇంట్లో ఆ కాగితాన్ని అమ్మీకి కూడా చదివి వినిపించండి.