ఆబ్జెక్ట్‌లను ఫైల్‌లో భద్రపరచడం: భాషాపరిశోధన దత్తాంశం దృష్టితో ఒక పరిశీలన

1. ప్రస్తావన

మాండలిక పదసేకరణ, ఛందోవిశ్లేషణ, పాఠాంతరాల నమోదు వంటి పనులకు పైథాన్ భాషలో సొంతంగా ప్రోగ్రాంలు రాసుకొనే తెలుగు పరిశోధకులు నేడు ఉన్నారు. ఏళ్ళ తరబడి క్షేత్రపర్యటన చేసి కూర్చిన దత్తాంశం ప్రోగ్రాం నడుస్తున్నంతసేపే ఆబ్జెక్ట్‌ల రూపంలో కంప్యూటర్ మెమరీలో ఉంటుంది. దాన్ని ఫైల్‌లోకి ఎక్కించి, అవసరమైనప్పుడు తిరిగి ఆబ్జెక్ట్‌లుగా దించుకొనే ప్రక్రియలో మొదటి భాగాన్ని సీరియలైజేషన్ అనీ, రెండోదాన్ని డీసీరియలైజేషన్ అనీ అంటారు. సిద్ధాంతగ్రంథం సమర్పించిన పదేళ్ళకు ఆ దత్తాంశం మరొక పరిశోధకుడికి అక్కరకు వస్తుందా లేదా అన్నది చాలావరకు ఇక్కడ ఎంచుకొన్న పద్ధతిని బట్టి ఉంటుంది. పికిల్, జేసన్ అనే రెండు పద్ధతులను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆబ్జెక్ట్‌లో ఏముంటుంది?

మాండలిక నిఘంటువు కోసం 'పదం', 'వక్త' అనే రెండు క్లాసులు రాసుకొన్నామనుకొందాం. (పైథాన్ 3లో క్లాసుల పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. ఈ వెసులుబాటును మనం వాడుకోవలసినంతగా వాడుకోవడం లేదనే చెప్పాలి.) 'పదం' ఆబ్జెక్ట్‌లో పదరూపం, అర్థం, ఆ పదాన్ని చెప్పిన వక్త అనే మూడు లక్షణాలుంటాయి. అయితే వక్త ఊరు, వయసు వంటివి పదం లోపల ఉండవు. వక్త ఆబ్జెక్ట్ మెమరీలో ఎక్కడుందో చూపే సూచిక మాత్రమే ఉంటుంది. ఒకే వక్త యాభై పదాలు చెబితే యాభై సూచికలూ ఒకే ఆబ్జెక్ట్‌ను చూపుతాయి. ప్రోగ్రాం ముగియగానే ఆ చిరునామాలు నిరర్థకమవుతాయి. కాబట్టి భద్రపరచడమంటే విలువలను రాసిపెట్టడంతో సరిపోదు, ఈ సంబంధాలను కూడా చిరునామాలతో పనిలేని రూపంలోకి మార్చాలి.

3. పికిల్

పైథాన్‌తోపాటే లభించే పికిల్ మాడ్యూల్ ఈ పనంతటినీ ఒక్క ఆదేశంతో చేస్తుంది. యాభై పదాలూ ఒకే వక్తను చూపుతున్నాయని గుర్తించి, ఆ వక్తను ఒక్కసారే రాస్తుంది. వక్త నుంచి పదాలకు, పదాల నుంచి వక్తకు తిరిగే వలయసంబంధాలు కూడా చెక్కుచెదరవు.

చిక్కంతా ఫైల్‌లోకి ఎక్కనిదాంట్లో ఉంది. పికిల్ ఫైల్‌లో క్లాస్ నిర్వచనం ఉండదు, క్లాస్ పేరు, అది ఉన్న మాడ్యూల్ పేరు మాత్రమే ఉంటాయి. పరిష్కృత కావ్యప్రతుల్లో పాఠాంతరాలను 'క', 'గ' వంటి సంకేతాలతో చూపి, ఏ సంకేతం ఏ తాళపత్రప్రతిదో పీఠికలో చెబుతారు. ఆ పీఠిక పుటలు చిరిగిపోతే సంకేతాలు కనిపిస్తూనే ఉంటాయి గాని ఏ ప్రతిని సూచిస్తున్నాయో తెలియదు. పికిల్‌కు ప్రోగ్రాం అటువంటి పీఠిక. 'పదం' క్లాస్ పేరును 'పదరూపం' అని మారిస్తే చాలు, పాత ఫైల్ తెరుచుకోదు.

అక్కడ కనీసం దోషసందేశమైనా వస్తుంది. చప్పుడు లేకుండా జరిగే పొరపాటు ఇంతకన్నా ప్రమాదకరం. పికిల్ నుంచి దించేటప్పుడు సాధారణంగా క్లాస్ ప్రారంభ ఫంక్షన్ నడవదు, పాత లక్షణాలే యథాతథంగా వచ్చి చేరతాయి. రెండో ఏట వక్తకు 'మండలం' అనే లక్షణాన్ని ప్రారంభ ఫంక్షన్‌లో చేర్చామనుకొందాం. మొదటి ఏటి ఫైల్ నిరాటంకంగా తెరుచుకొంటుంది. ఎప్పుడో మండలాలవారీ పట్టిక తీయబోయినప్పుడు ఆ వక్తలకు అసలా లక్షణమే లేదని తెలుస్తుంది. 1997 నాటి జావా 1.1తో వచ్చిన ఇటువంటి సౌకర్యంలో క్లాస్‌కు వెర్షన్ సంఖ్య ఉంటుంది. ఫైల్‌లోని సంఖ్య దానితో సరిపోలకపోతే జావా ఆబ్జెక్ట్‌ను దించనివ్వదు. పికిల్‌లో ఆ జాగ్రత్త మనమే తీసుకోవాలి.

మరొక విషయం, పికిల్ ఫైల్‌ను దించేటప్పుడు అందులో పొందుపరిచిన ఆదేశాలు అమలు కాగలవు. అందుకే నమ్మకం లేని చోటినుంచి వచ్చిన పికిల్ ఫైల్‌ను తెరవరాదని పైథాన్ అధికారిక పత్రాలే హెచ్చరిస్తున్నాయి. పరిశోధకులు పరస్పరం పంచుకోవలసిన దత్తాంశానికి ఇది చిన్న అభ్యంతరం కాదు.

4. జేసన్

జేసన్ ఫైల్ కేవలం పాఠ్యం. పైథాన్ లేకపోయినా ఏ ఎడిటర్‌లోనైనా చదువుకోవచ్చు. అయితే దానికి క్లాసులు తెలియవు. ప్రతి ఆబ్జెక్ట్‌నూ పేరు–విలువ జంటలుగా మార్చే ఫంక్షన్‌ను, తిరిగి నిర్మించే ఫంక్షన్‌ను మనమే రాయాలి. ఇక్కడే ఒక పొరపాటుకు ఆస్కారముంది. ప్రతి పదంలోనూ వక్త వివరాలను పూర్తిగా రాస్తే, తిరిగి దించినప్పుడు ఒక వక్త యాభైమంది అవుతాడు. ఒకచోట ఊరిపేరు సరిదిద్దినా తక్కిన నలభైతొమ్మిది చోట్ల తప్పు అలాగే మిగులుతుంది. వక్తలకు క్రమసంఖ్యలిచ్చి, వారి పట్టికను విడిగా రాసి, పదాల్లో సంఖ్యను మాత్రమే పేర్కొంటే ఈ దోషం రాదు, వలయసంబంధాల సమస్యా తీరుతుంది. ఫైల్ మొదట్లో నిర్మాణం వెర్షన్ సంఖ్యను కూడా చేర్చడం మంచిది. ఈ శ్రమంతా ఎందుకన్న ప్రశ్న సహజమే. కాని దత్తాంశంలో ఏముందో పరిశోధకుడు తనకు తాను స్పష్టంగా చెప్పుకోవలసి రావడం ఈ శ్రమలోని లాభం. ప్రోగ్రాం మధ్యలో తాత్కాలికంగా దాచుకోవడానికి పికిల్ చాలు. సమర్పించవలసిన, పంచుకోవలసిన దత్తాంశానికి జేసన్ వంటి బహిరంగరూపమే తగినదని నా అభిప్రాయం.

5. తెలుగు లిపికి సంబంధించిన జాగ్రత్తలు

పైథాన్ జేసన్ మాడ్యూల్ ముందస్తు అమరికలో తెలుగు అక్షరాలను యూనికోడ్ సంఖ్యాసంకేతాలుగా రాస్తుంది. తిరిగి దించితే అక్షరాలు సరిగానే వస్తాయి గాని, ఫైల్‌ను కంటితో చదవడం అసాధ్యం. ఆ అమరికను మార్చి, ఫైల్ తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని స్పష్టంగా పేర్కొనాలి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'తెలుగు' అనే మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలున్నాయి కనుక దానికి 18 బైట్లు కావాలి.

ఐత్వం విషయంలో మరొక మెలిక ఉంది. యూనికోడ్‌లో దాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం, ఐత్వపు కింది గుర్తు అనే రెండు సంకేతాల జంటగానూ రాయవచ్చు. తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి, పోలికలో మాత్రం ప్రోగ్రాం వేర్వేరు పదాలుగా లెక్కిస్తుంది. రెండు కంప్యూటర్లలో టైపు చేసిన 'పైరు' నిఘంటువులో రెండు ఆరోపాలుగా చేరే ప్రమాదం ఇక్కడే ఉంది. ఫైల్‌లోకి ఎక్కించే ముందే పాఠ్యాన్నంతటినీ ఎన్.ఎఫ్.సి. అనే ప్రామాణిక రూపంలోకి మార్చుకొంటే ఆ రెండూ ఒక్కటవుతాయి.