కదలని యాంటెన్నా, తిరిగే కిరణం

తిరుపతి దగ్గర గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఆవరణలో, 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానం నిండా యాంటెన్నాలు బారులు తీరి ఉంటాయి. వరుసకు 32 చొప్పున 32 వరుసలు, మొత్తం 1024. ఇదే ఎమ్‌ఎస్‌టీ రాడార్. పైన వీచే గాలుల వేగం కొలవడానికి దీని కిరణాన్ని నడినెత్తి నుంచి తూర్పుకో ఉత్తరానికో వంచుతారు. ఒక్క యాంటెన్నా కూడా అంగుళం కదలదు.

కిటుకంతా సమయంలో ఉంది. ఒకే సిగ్నల్‌ని అన్నిటికీ ఒకేసారి అందిస్తే, ఎదుటి దిశలో తరంగాల శిఖరాలన్నీ కలిసి బలపడతాయి. పక్కలకు పోయేవి చాలావరకు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఒక చివర నుంచి మొదలుపెట్టి ఒక్కో యాంటెన్నాకూ కాస్త ఆలస్యంగా అందిస్తూ పోతే, కిరణం ఆలస్యమైన వైపుకి ఒరుగుతుంది. 1905లోనే ఫెర్డినాండ్ బ్రౌన్ మూడు యాంటెన్నాలను త్రికోణంగా నిలిపి ఈ పని చేసి చూపించాడు. 1909లో మార్కోనీతో కలిసి నోబెల్ అందుకున్నది ఈయనే.

మరి ఇది సెల్ టవర్ మీదికి రావడానికి ఇన్నేళ్లెందుకు? గాదంకి రాడార్ పనిచేసేది 53 మెగాహెర్ట్జ్‌లో, తరంగం పొడవు ఐదున్నర మీటర్లకు పైమాటే. 5జీ కోసం మన దేశం 2022లో వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఆ పొడవు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. యాంటెన్నాల మధ్య అందులో సగం ఎడం ఉంటే చాలు. అవే 1024 యాంటెన్నాలు 19 సెంటీమీటర్ల చదరపు పలకలో, దాదాపు ఈ పత్రిక పుటలో, ఇమిడిపోతాయి. అయితే చోటుతోపాటు సమయమూ కుంచించుకుపోయింది. కిరణాన్ని 30 డిగ్రీలు వంచాలంటే ఇరుగుపొరుగు యాంటెన్నాల మధ్య ఉండాల్సిన తేడా పావు తరంగం. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే, అందులో పది భాగాలకు కొంచెం తక్కువే!

ఇక్కడే సిలికాన్ చిప్ అక్కరకొచ్చింది. అందులో ఒక్కో యాంటెన్నాకూ ఒక ఫేజ్ షిఫ్టర్, ఒక చిన్న యాంప్లిఫయర్ ఉంటాయి. ఆరు బిట్ల ఫేజ్ షిఫ్టర్ తరంగాన్ని 64 మెట్లలో ముందుకో వెనక్కో జరపగలదు. 2017లో ఐబీఎమ్, ఎరిక్సన్ కలిసి నాలుగు చిప్‌లతో 64 యాంటెన్నాలను నడిపే 28 గిగాహెర్ట్జ్ మాడ్యూల్‌ని ప్రకటించాయి. దాని పక్క కొలత ఏడు సెంటీమీటర్లు.

64 యాంటెన్నాలు ఒకే చోటికి గురిపెడితే, మొత్తం కరెంటు పెంచకుండానే, అక్కడ అందే సిగ్నల్ సూత్రరీత్యా 64 రెట్లవుతుంది. ఇంత బలం ఈ తరంగాలకు తప్పనిసరి. ఫోన్ మీద అరచెయ్యి అడ్డొచ్చినా అవి నీరసిస్తాయి. కిరణం సన్నబడ్డాక ఫోన్ ఎక్కడుందో వెతుక్కోవాలి కూడా. అందుకే టవర్ ఐదు మిల్లీసెకన్లలోపే 64 దిక్కుల దాకా కిరణాన్ని తిప్పుతుంది. ఏది గట్టిగా అందిందో ఫోన్ తిరిగి చెబుతుంది. మధ్యలో మనిషి అడ్డొస్తే గోడమీద పడి తిరిగొచ్చే మరో కిరణానికి టవర్, ఫోన్ మారతాయి.

నా దృష్టిలో కిరణాన్ని తిప్పడం కన్నా కష్టమైన సమస్య వేడి. యాంప్లిఫయర్లు తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది, అదీ ఆరేసి మిల్లీమీటర్ల ఎడంలో. పలక వెనకాల అల్యూమినియం రెక్కలు అందుకే. మన మే నెల ఎండలో వాటికి దొరికే చల్లదనం అంతంత మాత్రం. చిప్ వేడెక్కితే తరంగాల లెక్క తప్పి గురి చెదురుతుంది. అందుకే చాలా చిప్‌లలో ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ పెడతారు. అది చెప్పిన అంకెను బట్టి ఫేజ్ షిఫ్టర్ల మెట్లను సరిదిద్దుతూ ఉంటారు.