యూదుల తిష్రీ పండుగలు: పశ్చాత్తాపం, పరుల హక్కు

2016 అక్టోబరు 12న మన దేశంలో ముహర్రం పదవ రోజు, అనగా ఆషూరా. ప్రపంచమంతటా యూదులు యోమ్ కిప్పూర్ ఉపవాసం పాటించినది కూడా ఆ రోజే. అంతకు 43 సంవత్సరాల క్రితం, 1973లో, యోమ్ కిప్పూర్ అక్టోబరు 6న వచ్చింది. అది హిజ్రీ 1393 రమజాన్ పదవ తేదీ. ఈజిప్టు, సిరియాలకూ ఇజ్రాయెల్‌కూ మధ్య యుద్ధం మొదలైనది ఆనాడే. ఒక పక్షం ప్రజలకు అది రమజాన్ ఉపవాస దినం, రెండవ పక్షం ప్రజలకు యోమ్ కిప్పూర్ ఉపవాస దినం. మనలో పలువురికి యోమ్ కిప్పూర్ అన్నది ఆ యుద్ధం పేరుగా మాత్రమే పరిచయం. ఆ రోజున ఒక యూదుని ఇంట్లో ఏమి జరుగుతుంది, అతడు తన ప్రభువును ఏమని వేడుకొంటాడు అన్నది తెలిసినవారు తక్కువ.

గ్రంథ ప్రజలందరూ ఒకే రకం కారని దివ్య ఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరాలో తెలుపుతున్నది. వారితో వాదించవలసి వస్తే ఉత్తమమైన రీతిలోనే వాదించాలని అన్‌కబూత్ సూరా ఆదేశిస్తున్నది. ఎదుటివారి ఆరాధన ఏమిటో తెలియనిదే ఉత్తమ రీతిలో మాట్లాడటం ఎట్లా సాధ్యం? తెలుసుకోవటం వేరు, అనుకరించటం వేరు. ఈ వ్యాసం మొదటి దానికే పరిమితం.

రెండు పంచాంగాలు

యూదుల నెల కూడా మన నెలవలెనే చంద్రుణ్ణి అనుసరిస్తుంది. వారి దినం కూడా సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. అయితే చాంద్రమాన సంవత్సరం 354 రోజులే గనుక, అది రుతువుల నుండి జరిగిపోకుండా వారు 19 సంవత్సరాలలో 7 పర్యాయాలు ఒక నెల అదనంగా చేరుస్తారు. తెలుగు పంచాంగంలోని అధిక మాసం పాఠకులకు తెలిసినదే. ఇదీ అటువంటి ఏర్పాటే. అరబ్బులు అజ్ఞాన కాలంలో పాటించిన ‘నసీ’ని తౌబా సూరా 37వ ఆయత్ నిషేధించింది. అందువల్ల మన నెలలు దాదాపు 33 సంవత్సరాలలో అన్ని రుతువులనూ చుట్టి వస్తాయి. వారి తిష్రీ మాసం మాత్రం సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరులలో ఉంటుంది. కనుక తిష్రీ పదవ తేదీ మన ఏదో ఒక నెలలో పదవ తేదీకి అటూ ఇటూగా వస్తుంది. 1973లో అది రమజాన్, 2016లో ముహర్రం.

మహాప్రవక్త (స) మదీనా వచ్చినప్పుడు యూదులు ఆషూరా ఉపవాసం ఉండటం చూశారనీ, అది హజ్రత్ మూసా (అ) ఫిరౌన్ బారి నుండి విముక్తి పొందిన దినమని వారు చెప్పగా, మూసాకు మేమే ఎక్కువ దగ్గరివారమని పలికి తామూ ఉపవాసం పాటించారనీ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో కలదు. హీబ్రూలో ‘ఆసోర్’ అనగా పదవది. యోమ్ కిప్పూర్‌ను తౌరాత్ ఆ మాటతోనే పేర్కొన్నది. అయితే నేటి యూదులు ఫిరౌన్ నుండి విముక్తిని వసంతంలో వచ్చే పస్కా పండుగలో స్మరిస్తారు. యోమ్ కిప్పూర్‌కు వారు చెప్పుకొనే చరిత్ర వేరు. ఆవుదూడ ఆరాధన జరిగిన తరువాత హజ్రత్ మూసా (అ) తిరిగి కొండనెక్కి, నలభై దినాలు వేడుకొని, క్షమాపణ వార్తతో, రెండవసారి ఇవ్వబడిన పలకలతో తిష్రీ పదిన దిగి వచ్చారని వారి సంప్రదాయం. ఏలూల్ మాసం మొదటి తేదీ నుండి తిష్రీ పది వరకు ఆ నలభై దినాలు. ముప్ఫై రాత్రులను పదితో పూర్తి చేసినట్లు ఆరాఫ్ సూరా తెలుపుతున్నది. మన ముఫస్సిర్లలో పలువురు వాటిని జుల్ఖాదా మాసంగానూ, జుల్‌హజ్జా తొలి పది దినాలుగానూ వివరించారు.

కొమ్ము బూర పిలుపు

తిష్రీ మొదటి రెండు రోజులు రోష్ హషానా, అనగా సంవత్సరాది. 2025లో సెప్టెంబరు 22 సాయంత్రం వారి 5786వ సంవత్సరం ప్రారంభమయింది. సంవత్సరాది అన్నంత మాత్రాన కేరింతల పండుగ అనుకోరాదు. వారి విశ్వాసం ప్రకారం అది తీర్పు దినం. ఆ రోజున మూడు గ్రంథాలు తెరువబడతాయనీ, పూర్తి సజ్జనుల పేర్లు ఒకదానిలో, పూర్తి దుర్జనుల పేర్లు మరొకదానిలో వెంటనే వ్రాయబడతాయనీ, మధ్యస్థులకు మాత్రం యోమ్ కిప్పూర్ వరకు గడువు ఉంటుందనీ తల్మూద్‌లో చెప్పబడింది. మంచి సంవత్సరానికి మీ పేరు వ్రాయబడుగాక అని వారు ఒకరినొకరు దీవించుకోవటం ఇందువల్లనే.

సినగాగులో, అనగా వారి ప్రార్థనాలయంలో, పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్ అనే బూర ఊదుతారు. ఆ రోజు నూరు మార్లు ఊదటం ఆనవాయితీ. అది సబ్బాతు, అనగా శనివారం అయితే ఊదరు. హజ్రత్ ఇబ్రాహీం (అ) కుమారునికి బదులుగా లభించిన పొట్టేలును ఆ కొమ్ము గుర్తు చేస్తుందని వారు చెబుతారు. ఆ కుమారుడు ఇస్హాఖ్ (అ) అని వారి గ్రంథం. మన పండితులలో అధికులు ఇస్మాయీల్ (అ) అంటారు. త్యాగం చేసిన తండ్రి విషయంలో మాత్రం భేదం లేదు.

ఇంటివద్ద రాత్రి భోజనానికి ముందు ఆపిల్ ముక్కలు తేనెలో ముంచి తింటారు. పలుచోట్ల ఖర్జూరం, గుమ్మడి, దానిమ్మ కూడా ఉంచి, ఒక్కొక్క దానిపై ఒక్కొక్క దుఆ చెబుతారు. పిల్లలకు పండుగ మొదట పరిచయమయ్యేది ఈ బల్లవద్దనే.

ముందుగా మనుషుల వద్దకు

రోష్ హషానా నుండి యోమ్ కిప్పూర్ వరకు పది దినాలు తౌబా దినాలు. ఈ వ్యాసంలో ముఖ్యంగా గమనింపవలసినది ఇక్కడే ఉంది. దేవునికీ మనిషికీ మధ్య జరిగిన పాపాలను యోమ్ కిప్పూర్ తుడిచివేస్తుంది గాని, మనిషికీ మనిషికీ మధ్య జరిగిన అన్యాయాన్ని, బాధితుణ్ణి సమాధానపరచనంత వరకు అది తుడిచివేయదని మిష్నాలో స్పష్టంగా ఉంది. కనుక ఉపవాసానికి ముందే మనుషుల వద్దకు వెళ్ళాలి. అన్నదమ్ములు, పొరుగువారు, వ్యాపార భాగస్వాములు, భార్యాభర్తలు ఒకరినొకరు క్షమాపణ కోరుకోవటం ఈ దినాలలో జరుగుతుంది.

కోర్డోబాలో పుట్టి, ఈజిప్టులో సలాహుద్దీన్ అయ్యూబీ ఆస్థాన వర్గాలకు వైద్యుడై, 1204లో మరణించిన మూసా బిన్ మైమూన్ ఈ విషయాన్ని శాసనంగా క్రోడీకరించాడు. అతని ప్రకారం నష్టపరిహారం చెల్లించినంత మాత్రాన చాలదు, మనసు నొచ్చుకున్నవానిని వేడుకోవాలి. అతడు క్షమించకపోతే ముగ్గురు మిత్రులను వెంటబెట్టుకొని వెళ్ళాలి. అట్లా మూడు పర్యాయాలు ప్రయత్నించాలి. ఆ వ్యక్తి తన గురువైతే, క్షమించేదాకా వెయ్యి మార్లయినా వెళ్ళవలసిందే. బాధితుడు చనిపోయి ఉంటే పదిమందిని సమాధి వద్దకు తీసుకువెళ్ళి తప్పు ఒప్పుకోవాలి, బాకీ ఉంటే వారసులకు చెల్లించాలి.

ఇక 1277లో మరణించిన ఇమాం నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లోని తౌబా అధ్యాయం చూడండి. పాపాన్ని విడనాడటం, చేసినందుకు పరితపించటం, మరల చేయరాదని నిశ్చయించుకోవటం, ఇవి మూడు షరతులు. తోటి మనిషి హక్కు ఇమిడి ఉంటే నాల్గవది, ఆ హక్కును తిరిగి ఇచ్చివేయటం. ఒకరు ఈజిప్టులో, మరొకరు సిరియాలో, ఏడు దశాబ్దాల ఎడంతో, రెండు వేర్వేరు షరీఅత్‌లలో పలికిన మాట ఒక్కటే.

యోమ్ కిప్పూర్

తిష్రీ తొమ్మిదవ తేదీ సాయంత్రం పొద్దుండగానే కుటుంబమంతా కలిసి భోజనం ముగిస్తారు. తల్లిదండ్రులు పిల్లల తలపై చేతులుంచి దీవిస్తారు. దీపాలు వెలిగించి సినగాగుకు బయలుదేరుతారు. ఆ క్షణం నుండి మరునాటి రాత్రి నక్షత్రాలు కనిపించేదాకా దాదాపు 25 గంటలు అన్నపానాలు ఉండవు. స్నానం, తైల సుగంధాలు, తోలు చెప్పులు, దాంపత్య సంబంధం కూడా నిషిద్ధం. పెద్దలు తెల్లని వస్త్రాలు ధరిస్తారు. కొందరు కఫన్‌ను గుర్తు చేసే తెల్లని అంగీ వేసుకొంటారు. హజ్‌యాత్రికుని ఇహ్రాం మనకు స్ఫురించక మానదు. బాలురకు 13, బాలికలకు 12 సంవత్సరాలు నిండే వరకు ఉపవాసం విధి కాదు. ప్రాణాపాయం ఉన్న రోగి ఉపవాసం ఉండటమే నిషిద్ధం.

ఆ దినం అయిదు ప్రార్థనలు. పాపాల ఒప్పుకోలు ‘నేను’ అని కాక ‘మేము’ అని సాగుతుంది. హీబ్రూ అక్షరక్రమంలో ఒక్కొక్క పాపం పేరు చెబుతూ గుండెపై మెల్లగా తట్టుకొంటారు. తాను చేయని పాపాన్ని కూడా సమాజం తరపున ప్రతివాడూ ఒప్పుకొంటాడు. సాధారణ దినాలలో వారి నమాజులో లేని సాష్టాంగం, పూర్వం జెరూసలేం ఆలయంలో జరిగిన ఆరాధనను స్మరించే సమయంలో చేస్తారు. నుదురు నేలను తాకుతుంది.

మధ్యాహ్నం తరువాత హజ్రత్ యూనుస్ (అ) గ్రంథం మొత్తం చదువుతారు. ఆయన జాతివారి తౌబా స్వీకరించబడిందని మన యూనుస్ సూరాలోనూ ఉన్నది. వారి తౌబా ఎటువంటిది? దొంగిలించిన దూలంతో భవనం కట్టుకొన్నవాడు, ఆ భవనాన్నే కూల్చి దూలాన్ని సొంతదారుకు ఇచ్చివేశాడని తల్మూద్ చెబుతుంది. ఇమాం ఖుర్తుబీ (రహ్మ) తన తఫ్సీర్‌లో ఇబ్నె మస్ఊద్ (రజి) నుండి ఉల్లేఖించినదీ ఇటువంటిదే. వారు పరస్పరం అన్యాయాలను సరిదిద్దుకొన్నారు, తన కట్టడపు పునాదిలో పెట్టిన రాయిని సైతం పెకలించి తిరిగి ఇచ్చినవారు వారిలో ఉన్నారు. ఉపవాసం, గోనెపట్టలు, కన్నీళ్ళు అన్నీ ఉన్నా, పరుల రాయి పునాదిలో ఉండగా తౌబా పూర్తి కాదని రెండు సంప్రదాయాల సారం.

చివరి ప్రార్థన పేరు ‘నెయీలా’, అనగా ద్వారాలు మూయటం. పొద్దు వాలుతుండగా అందరూ నిలబడి చేస్తారు. ముగింపున షోఫార్ ఒక్కసారి దీర్ఘంగా మ్రోగుతుంది. కొంకణ తీరాన, బొంబాయిలో స్థిరపడిన బెనె ఇజ్రాయెల్ యూదులు మరాఠీలో ఈ దినాన్ని ‘దర్‌ఫాల్నీచా సణ్’, అంటే తలుపులు మూసే పండుగ అని పిలుచుకొనేవారు. పూర్వం ఆ రోజు తెల్లని బట్టలు ధరించి, ఇంటి తలుపులు మూసుకొని, బయటివారితో సంబంధం లేకుండా గడిపేవారు. మరునాడు బంధుమిత్రులను కలుసుకొని, పేదలకు దానధర్మాలు చేసేవారు.

పర్ణశాలలో ఏడుగురు అతిథులు

ఉపవాసం విడిచిన రాత్రే కొందరు పర్ణశాలకు తొలి గుంజ పాతుతారు. తిష్రీ 15 నుండి ఏడు రోజులు సుక్కోత్, అనగా పర్ణశాలల పండుగ. ఇజ్రాయీల్ సంతతి ఎడారిలో గడిపిన దినాల జ్ఞాపకార్థం ఇంటి పెరట్లోనో, మేడపైనో ఆకుల పందిరి వేసి అందులో భోజనం చేస్తారు. పైకప్పు నరికి తెచ్చిన కొమ్మలు, ఆకులతోనే ఉండాలి. నీడ ఎండ కంటె ఎక్కువగా ఉండాలి, రాత్రి నక్షత్రాలు కనిపించాలి. జాగా లేని నగరాలలో సినగాగు ఆవరణలో అందరికీ కలిపి ఒకటి వేస్తారు. మాదీఫలం, ఖర్జూరపు మట్ట, మర్టల్ రెమ్మలు, విల్లో కొమ్మలు చేతబట్టి స్తోత్రం చేస్తారు.

ఆ పందిరిలోకి రోజుకొకరు చొప్పున ఏడుగురు మహనీయులను అతిథులుగా ఆహ్వానించే ఆచారం ఉంది. వారు ఇబ్రాహీం, ఇస్హాఖ్, యాఖూబ్, మూసా, హారూన్, యూసుఫ్, దావూద్ (అలైహిముస్సలాం). ఏడుగురూ దివ్య ఖుర్ఆన్ పేర్కొన్న ప్రవక్తలే. గతించినవారిని ఆహ్వానించటం మన విధానం కాదు. కాని ఆ ఆహ్వానానికి ఒక నిబంధన ఉంది. ఆ అతిథుల వంతు భోజనం బీదలకు చెందాలి. తలుపు మూసుకొని తన ఆలుబిడ్డలతో తిని, పేదలకు పెట్టనివాని సంతోషం పండుగ సంతోషం కాదు, కడుపు సంతోషం మాత్రమేనని మూసా బిన్ మైమూన్ అభిప్రాయం. ఈ పండుగల చివర, ఏడాది పొడవునా వారంవారం సాగిన తౌరాత్ పారాయణం ముగించి, వెంటనే తిరిగి మొదలుపెడతారు.

పదిమంది కావాలి

ఇంత విస్తారమైన ఆరాధనకు ఒక కనీస సంఖ్య ఉంది. సనాతన సంప్రదాయంలో పదిమంది వయోజన పురుషులు లేనిదే సామూహిక ప్రార్థన జరగదు. 1948 తరువాత మన దేశపు యూదులలో అత్యధికులు ఇజ్రాయెల్‌కు తరలిపోయారు. 1568లో కట్టిన కొచ్చిన్ పరదేశి సినగాగులో స్థానికులతోనే పదిమంది సమకూడే స్థితి నేడు లేదు. కలకత్తా సినగాగులకు తరతరాలుగా ముస్లిం కుటుంబాలవారే సంరక్షకులుగా ఉంటున్నారు. మన తెలుగునాట గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో, తాము ఎఫ్రాయిమ్ తెగ సంతతి అని చెప్పుకొనే కొన్ని తెలుగు కుటుంబాలవారు 1991లో సినగాగు నెలకొల్పుకొని యూదుల పండుగలు జరుపుకొంటున్నారు. జమాఅత్ విలువ అది తరిగిపోతున్న చోటనే బాగా తెలుస్తుంది.

మనం గ్రహింపదగినది

వారి ఆరాధనా పద్ధతి మనది కాదు. మన తౌబాకు నియమిత మాసం లేదు, దాని ద్వారం ప్రతి రాత్రీ తెరిచే ఉంటుంది. అయితే షబే బరాత్ రాత్రి, రమజాన్ చివరి పది రాత్రులు మనమూ కన్నీళ్ళతో గడుపుతాము. హజ్‌కు బయలుదేరే ముందు ఇంటింటికీ తిరిగి ‘కహా సునా మాఫ్ కర్నా’ అంటాము. ఆ మాట అంటున్న నాలుకకు తోడుగా చేయి కూడా కదులుతున్నదా? అక్కచెల్లెళ్ళకు షరీఅత్ నిర్ణయించిన ఆస్తి భాగం ఇవ్వకుండా, భార్యకు మహర్ చెల్లించకుండా, పనివాని కూలి బాకీ పెట్టి ఎన్ని రాత్రులు జాగరణ చేసినా అది పునాదిలోని రాయిని కదిలించదు. షహీదుకు సైతం అప్పు తప్ప అన్నీ క్షమించబడతాయని ముస్లిం హదీసు. నమాజు, ఉపవాసం, జకాతులతో ప్రళయ దినాన వచ్చి, తాను తిట్టినవారికి, కొట్టినవారికి, ఎవరి సొమ్ము తిన్నాడో వారికి తన పుణ్యమంతా పంచి ఇవ్వవలసి వచ్చినవాడే తన ఉమ్మత్‌లో అసలైన దివాలాకోరు అని మహాప్రవక్త (స) హెచ్చరించారు.

బాధితుడు బ్రతికి ఉన్నంతకాలం బాకీ అతని చేతికే ఇవ్వవచ్చు. అల్లాహ్ మనకు ఆ వ్యవధిని వినియోగించుకొనే సద్బుద్ధి ప్రసాదించుగాక. ఆమీన్.