ఊటనేలలో మరుగుదొడ్డికి మెరకే మార్గం

కృత్తివెన్ను: సముద్రతీరాన, ఉప్పుటేరు చెంత ఉన్న కృత్తివెన్ను మండలంలో మరుగుదొడ్డి కట్టుకోవడం ఒక ఎత్తు, దాని మురుగును వదిలించుకోవడం మరో ఎత్తు. పల్లపు భూముల్లో వానాకాలంలో కొద్ది అడుగులు తవ్వితేనే ఊట పైకి వస్తుంది. అటువంటి చోట లోతుగా గొయ్యి తీసి సిమెంటు వరలు దించితే మలినం నేరుగా భూగర్భ జలంలో కలుస్తుంది. ఆ నీరు బావులకు, చేతిపంపులకు చేరితే అతిసారం, కామెర్లు, టైఫాయిడ్ ప్రబలే ప్రమాదం ఉంది.

సెప్టిక్ ట్యాంకు కట్టినంత మాత్రాన చిక్కు తీరదు. ట్యాంకు నుంచి వెలువడే నీటిలోనూ వ్యాధికారక క్రిములు ఉంటాయి. దానిని పంటకాలువలోకో, రొయ్యల చెరువులోకో వదలరాదు. లోతుకు పోకుండా నేలపైనే శుద్ధి జరిగేలా చూడటమే పరిష్కారం. అందుకు మూడు విధానాలున్నాయి.

మెరక గుంతలు: రెండు గుంతలు తీసి ఒకదాని తరువాత ఒకటి వాడుకోవాలి. నిండిన దానిని రెండేళ్లు మూసి ఉంచితే మలం ఎరువుగా మారుతుంది. నీరు నిలిచే చోట గుంత అంచును ఆ నీటిమట్టం కన్నా 30 సెంటీమీటర్లు పైకి లేపి, చుట్టూ మీటరు వెడల్పున మట్టి పోసి దిమ్మిస కొట్టాలి. అడుగుకూ ఊటకూ మధ్య 2 మీటర్ల ఎడం లేకుంటే బావికి కనీసం 10 మీటర్ల దూరం పాటించాలి.

జమ్ము మడి: సెప్టిక్ ట్యాంకు నీటిని, అడుగు ఇంకని కంకర తొట్టి గుండా పారించాలి. అందులో జమ్ము లేదా మెట్టతామర నాటితే మలినం చాలావరకు తగ్గుతుంది. ఆ నీటిని కొబ్బరి పాదులకు మళ్లించవచ్చు. తాగడానికి, వాడుకకు పనికిరాదు.

పొడి మరుగుదొడ్డి: నేలపైనే రెండు గదులు కట్టి, మూత్రాన్ని, కడిగిన నీటిని వేరుచేసి, మలంపై బూడిద చల్లే పద్ధతి ఇది. తమిళనాడులోని ముసిరిలో 2006లో ఈ తరహా సామూహిక మరుగుదొడ్లు వచ్చాయి. ఊట ఎంత పైన ఉన్నా ఇబ్బంది లేదు గానీ, కుటుంబమంతా క్రమశిక్షణ పాటించాలి.

2014లో ప్రారంభమైన స్వచ్ఛభారత్ మిషన్‌లో ఇంటి మరుగుదొడ్డికి ప్రోత్సాహకం రూ.12 వేలుగా నిర్ణయించారు. మెరక మట్టికి, కంకరకు అదనపు వ్యయం తప్పదు. కనుక ముందుగా వానాకాలంలో చిన్న గొయ్యి తవ్వి ఊటమట్టం చూసుకోవాలి. గ్రామీణ నీటిసరఫరా ఇంజినీర్ల సలహాతో విధానాన్ని ఎంచుకోవాలి.

ఊట పైకి వచ్చిన సమయంలో ట్యాంకును ఖాళీ చేస్తే అది పైకి తేలి పగిలే ప్రమాదం ఉంది. ఆ పని వేసవిలో, యంత్రంతోనే చేయించాలి. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని లోపలికి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం.