బొమ్మల కథ చెప్పేది ఎవరు?

మీ ఇంట్లో కామిక్ పుస్తకం ఉంటే తీసి మొదటి పేజీ చూడండి. రచయిత పేరు ఒకటి, చిత్రకారుడి పేరు ఒకటి కనిపిస్తాయి. ఒకరు కథ చెప్పారు, ఇంకొకరు దానికి బొమ్మలు వేశారు అనుకుంటాం. కాని ఆ పని అంత తేలికగా రెండుగా విడిపోదు.

కామిక్ రచయితలు ముఖ్యంగా రెండు పద్ధతులలో పని చేస్తారు. మొదటి పద్ధతిలో రచయిత అన్నీ ముందే రాసి ఇస్తాడు. పేజీకి ఎన్ని గడులు, ఏ గడిలో ఎవరున్నారు, ఏమంటున్నారు, అంతా అందులో ఉంటుంది. ఇంగ్లండు రచయిత అలన్ మూర్ 1986లో మొదలైన ‘వాచ్‌మెన్’ను ఇలాగే రాశాడు. ఒక్కోసారి ఒక్క గడిని వర్ణించడానికే పేజీ నిండిపోయేది. అయినా చిత్రకారుడు డేవ్ గిబ్బన్స్ చెప్పింది మాత్రమే గీసి ఊరుకోలేదు. పేజీని తొమ్మిది గడులుగా విభజిద్దామన్నది ఆయన ఆలోచనే.

రెండో పద్ధతి అమెరికాలో మార్వెల్ సంస్థది. 1960లలో స్టాన్ లీ ఒకేసారి ఎన్నో కామిక్‌లకు రాసేవాడు. వివరంగా రాసే తీరిక లేదు. అందుకని కథ సారాంశం మాత్రం చిత్రకారుడు జాక్ కర్బీతో మాట్లాడుకునేవాడు. కర్బీ ఇంట్లో కూర్చొని పేజీలన్నీ గీసేవాడు. కథ ఎక్కడ ఆగాలో, ఎక్కడ పరుగెత్తాలో ఆయనే నిర్ణయించేవాడు. ఆ తరువాత లీ బుడగలలో మాటలు రాసేవాడు.

1965లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 48వ సంచిక కోసం కర్బీ తెచ్చిన బొమ్మలలో లీ అడగని మనిషి ఒకడు ఉన్నాడు. వెండి ఒళ్లు. పలక మీద నిలబడి ఆకాశంలో ఎగురుతున్నాడు. లోకాలను మింగే గెలాక్టస్‌కు ముందుగా ఒక దూత రావాలని కర్బీకి తోచింది. అతడే సిల్వర్ సర్ఫర్. బొమ్మ కర్బీది, మాటలు లీవి. మరి సృష్టికర్త ఎవరు?

తనకు తగిన పేరు, ప్రతిఫలం దక్కలేదని కర్బీ బాధపడ్డాడు. 1970లో మార్వెల్‌ను విడిచి వెళ్లాడు. 1994లో మరణించాడు. తరువాత హక్కుల గురించి ఆయన పిల్లలకూ మార్వెల్‌కూ కోర్టులో వివాదం నడిచింది. 2014లో రాజీ కుదిరింది.

ఈ సంగతి మనకు పనికివస్తుంది. ఓడ ఎక్కి వచ్చిన మన పెద్దల కథలు ఇంకా చాలావరకు నోటి మాటగానే ఉన్నాయి. తెలుగులో పేజీ నిండా రాయడం మనలో చాలామందికి కష్టమే. కాని ఒక బుడగలో నాలుగు మాటలు రాయగలం కదా! అమ్మమ్మను కథ చెప్పమనండి. మనవరాలిని గీయమనండి. బొమ్మలో అమ్మమ్మ ఏడుస్తూ ఉంటే, “ఏడ్చింది” అని కింద మళ్లీ రాయవద్దు. ఎవరూ అడగని బొమ్మ ఒకటి మనవరాలు వేస్తే, చెరిపేయకండి. అమ్మమ్మకు చూపించండి. మరచిపోయిన సంగతి ఏదైనా గుర్తుకు రావచ్చు.

పుస్తకం పూర్తయ్యాక అట్ట మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాలతో రాయండి.