తెర వెనుక పని: జాంగోతో తొలి పాఠము

బెంగుళూరులో కాపురమున్న తెలుగు కుటుంబములలో కంప్యూటరు ఉద్యోగముల ప్రస్తావన రాని యిల్లు అరుదు. తమ పిల్లలును ఆ విద్య నేర్వవలెనని తల్లిదండ్రులు కోరుట సహజమే. అయితే అది యెక్కడ మొదలగునో, మన బడిలో నేర్పు తెలుగునకు అందులో పని యేమో, చాలమందికి తెలియదు. తెలుగు ఇంటికి, ఇంగ్లీషు కంప్యూటరునకు అని పంచిపెట్టుట వాడుకయైనది. ఈ పంపకము సరికాదని చూపుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఫోనులో రైలు టిక్కెట్టు కొనునప్పుడు మన కంటికి కనబడునది ముందుభాగము మాత్రమే. ఖాళీలున్నవో లేవో వెదకుట, సొమ్ము ముట్టినట్లు వ్రాసికొనుట, ఒకే బెర్తును ఇద్దరికి ఇయ్యకుండుట అనునవి దూరముననున్న సర్వరు అను కంప్యూటరులో జరుగును. తెర వెనుక జరుగు ఈ పనినే బ్యాకెండు అందురు. ఏ వెబ్‌సైటునకైనను ఇందలి పనులు కొన్ని సమానమే. వానిని ప్రతివారును మొదటినుండి వ్రాసికొన నక్కరలేకుండ ముందే సిద్ధపరచి యిచ్చిన చట్రమునకు ఫ్రేమ్‌వర్కు అని పేరు.

అట్టివానిలో జాంగో యొకటి. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున లారెన్స్ అను పట్టణపు వార్తాపత్రిక కార్యాలయములో ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ అనువారు 2003లో దీనిని ఆరంభించిరి. వార్తలను గంటలలో వెబ్‌సైటు కెక్కించవలసిన తొందరయే దీని పుట్టుకకు కారణము. 2005 జూలైలో అందరికిని ఉచితముగ విడుదల చేసిరి. జాంగో రైన్‌హార్ట్ అను గిటారు విద్వాంసుని పేరు దీనికి పెట్టిరి. ఇది పైథాన్ భాషలో వ్రాయబడినది. పైథాన్ మన నగరమునకు క్రొత్త కాదు; భారతదేశపు తొలి పైకాన్ సభ 2009లో ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోనే జరిగినది.

జాంగో నిర్మాణమును తెలిసికొనుటకు బడి గ్రంథాలయమును తలచుకొనుడు. రిజిస్టరులో పుస్తకము పేరు, కర్త, వరుస సంఖ్య, తీసికొన్న తేదీ అని గడులు గీయుదుము. జాంగోలో ఈ గడుల యేర్పాటునకు మోడల్ అని పేరు. విద్యార్థి అడిగిన పుస్తకమును రిజిస్టరులో వెదకి సమాధానము సిద్ధపరచు గ్రంథపాలకుని పని వ్యూ చేయును. ఆ సమాధానమును చక్కగా అమర్చి చూపు కాగితము టెంప్లేటు. ఏ ప్రశ్న యెవరి బల్లయొద్దకు పోవలెనో తెలుపు పట్టిక వేరుగ నుండును. ఎవరి పని వారిదే. కావుననే ఒకచోట మార్పు చేసినచో మరియొకచోట చెడు భయము తక్కువ.

ఇక ఆరంభము. మొదట కొన్ని నెలలు పైథాన్ అభ్యసింపవలెను. ఈ మెట్టు దాటి దూకినవారు త్వరలోనే విసిగి విడిచిపెట్టుదురు. పిమ్మట జాంగోను కంప్యూటరులో నెక్కించి ‘స్టార్ట్‌ప్రాజెక్ట్’ అను ఆజ్ఞ నిచ్చినచో కావలసిన ఫైళ్లు ఏర్పడును. ‘రన్‌సర్వర్’ అన్నచో సర్వరు తన యింటి కంప్యూటరులోనే నడచును. మోడల్ వ్రాసి, ‘మేక్‌మైగ్రేషన్స్’, ‘మైగ్రేట్’ అను రెండాజ్ఞల నిచ్చినచో రిజిస్టరు సిద్ధమగును. పుస్తకములను చేర్చుటకును దిద్దుటకును అడ్మిన్ అను కార్యాలయము కూడ దాదాపు సిద్ధముగనే దొరకును. సెట్టింగ్సు ఫైలులో భాష గుర్తును తెలుగునకు మార్చినచో, స్వచ్ఛందముగ పనిచేయువారు అనువదించినంత మేరకు అందలి మాటలు తెలుగులో కనబడును.

అసలు చిక్కు ఇక్కడనుండియే. పుస్తకము పేరునుండి దాని వెబ్ చిరునామాను తయారుచేయు సాధనమొకటి జాంగోలో కలదు; దానిని స్లగ్ అందురు. ‘తెలుగు’ అను మాటను మేము దాని కిచ్చి చూచితిమి. ఏమియు మిగులలేదు. ఏలయన అది మామూలుగా ఇంగ్లీషు అక్షరములనే యుంచును. ఇతర లిపులకు అనుమతి నిచ్చి మరల చూచితిమి. ‘తలగ’ అని వచ్చినది! ‘పద్యము’ అనగా ‘పదయమ’ అనినది. తలకట్టు హల్లులు నిలిచినవి. ఎత్వము, కొమ్ము, వత్తు అన్నియు పోయినవి.

కారణమిది. కంప్యూటరు ‘తెలుగు’ను మూడు అక్షరములుగ గాక, త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు గుర్తులుగ దాచుకొనును. అందు గుణింతపు గుర్తులను పైథాన్ అక్షరములుగ లెక్కింపదు. కావున స్లగ్ సాధనము వానిని తీసివేయును. కన్నడమునకును హిందీకిని ఇదే గతి. ‘లక్ష్మి’ మనకు రెండక్షరములు. కంప్యూటరునకు ఏడు గుర్తులు. పేరునకు ఇన్ని గుర్తులే యని హద్దు పెట్టునప్పుడు ఈ సంగతి మరచినచో తెలుగు పేరు ఇముడక నిలిచిపోవును.

దీనికి విరుగుడు కష్టము కాదు. చిరునామాలో పేరునకు బదులు పుస్తకపు సంఖ్యను వాడవచ్చును. లేదా గుణింతమును కాపాడు నియమమును స్వయముగ వ్రాసికొనవచ్చును. కాని ‘తలగ’ తప్పని గుర్తించుటకు మొదట తెలుగు చదువ రావలెను. గుణింతము నేర్వని బిడ్డ యెంత నిపుణుడైనను ఆ తప్పును చూడజాలడు. గుణింతము వచ్చి పైథాన్ రానివాడు చూచియు దిద్దజాలడు. రెండును వచ్చినవాడే ఈ పనికి తగినవాడు. అట్టివారిని తయారుచేయుటకు మన బడికంటె అనువైన చోటేది?

తల్లిదండ్రులారా, ఇందుకు వేలకు వేలు రుసుము కట్టనక్కర లేదు. జాంగోయు, దాని బోధనా గ్రంథమును ఉచితముగనే దొరకును. ఇంటి పుస్తకముల పట్టిక వంటి చిన్న పనినొకదానిని బిడ్డకిచ్చి, అది ముగియువరకు వేరొకటి ఎత్తుకొననీయకుడు. అభ్యాసమునకు నిజమైన వారి పేర్లు, ఫోను సంఖ్యలు వాడనీయకుడు. వెబ్‌సైటును లోకమునకు విప్పుటకు ముందు తప్పుల వివరములను చూపు ‘డీబగ్’ అమరికను తప్పక ఆపించుడు. పని ముగిసిన దినమున ప్రక్కన కూర్చుండి ఒక తెలుగు పుస్తకము పేరును మీరే టైపు చేసి చూడుడు. కొమ్ములును వత్తులును నిలిచినవో లేదో మీ కన్నే చెప్పును.